ఆ వేగం ఎవరిది?

మెరిగల్‌లో కోర్టుకంటూ విడిగా భవనం లేదు. మెజిస్ట్రేటు నెలకోసారి వస్తుంది. ఆ రోజున ఊరి హాల్లో బల్లలు అటూ ఇటూ జరిపి కోర్టు పెడతారు. మిగతా రోజుల్లో అక్కడ ముసలివాళ్ళు పేకాడుకుంటారు. అందుకే ఆ గదిలో ఎప్పుడూ మెత్తబడిన బిస్కట్ల వాసన, మరిగి మరిగి నల్లబడిన టీ వాసన.

రోండా హాస్కెట్ వెనక వరసలో కూర్చుంది. పక్కన భర్త క్లెమ్. పొద్దున ఆస్పత్రిలో డయాలసిస్ చేయించుకుని తిన్నగా ఇక్కడికే వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. ఇంటి మెట్ల నుంచి గేటు దాకా నడవాలన్నా మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవలసిన మనిషి. కానీ నోరు మాత్రం ఊరుకోదు.

"ఏమే రోన్, నిన్ను జైల్లో వేస్తే నాకు వండిపెట్టేదెవరు?"

"నువ్వే వండుకో. బీన్స్ డబ్బా మూత తియ్యడం వచ్చుగా."

"డాక్టరు బీన్స్ వద్దన్నాడు."

"అయితే పస్తుండు," అంటూ అతని కాలరు సరిచేసింది. క్లెమ్ ఆమె వేళ్ళని తన చేతిలోకి తీసుకుని వదల్లేదు.

నవ్వులాట పైకే. లోపల ఇద్దరికీ తెలుసు. వాళ్ళుండే గిల్బాలో మూడో నాలుగో ఇళ్ళు, వాటి చుట్టూ ఎర్రమట్టి. అక్కణ్ణించి మెరిగల్ ఆస్పత్రికి రెండు గంటల పైమాటే. రోజు విడిచి రోజు క్లెమ్‌ని తీసుకురావాలి. ఆస్పత్రి వ్యాను కిందటేడే ఆపేశారు. రోండా లైసెన్సు పోతే క్లెమ్‌ని మెరిగల్‌లోని వృద్ధాశ్రమంలో వదిలిపెట్టాలి. ఆ మాట ఎత్తితే అతను ఒకటే అన్నాడు: "అలాగైతే ఆ మిషన్నే మానేస్తాను రోన్. నా మంచం మీదే పోతాను." ఆ మాట మాత్రం నవ్వుతూ అనలేదు.

గంటకి నూట పది కిలోమీటర్లు దాటకూడని రోడ్డు మీద నూట అరవై మూడు వేగంతో వెళ్ళిందని కేసు. రుజువైతే ఆరు నెలలు బండి ముట్టుకోకూడదు.

పోలీసులు ఆపిన ఆ సాయంత్రం అసలేం జరిగిందో రోండా ఎవరికీ చెప్పలేదు. క్లెమ్‌కి కూడా.

ఆ రోజూ ఇలాగే డయాలసిస్ అయ్యాక ఇంటికి వెళుతున్నారు. పొద్దు వాలుతోంది. క్లెమ్ పక్కసీట్లో నిద్రపోయాడు. గోధుమ గిడ్డంగులు దాటాక రోడ్డు ఖాళీ. ముందూ వెనకా ఒక్క దీపం లేదు. అప్పుడు వెనక నుంచి ఒక చప్పుడు వినపడింది. టైరు పగిలిందేమో అనుకుంది. కాదు. తడి తారు మీద అరచేత్తో కొడుతున్నట్టు... తప్, తప్, తప్... ఎవరో వట్టి కాళ్ళతో పరిగెడుతున్నట్టు.

అద్దంలో చూసింది. ఎవరూ లేరు.

చప్పుడు దగ్గరైంది. బండి తొంభై దాటి పోతోంది. మనిషి కాళ్ళు అంత వేగం ఎలా అందుకుంటాయి? కిటికీ పక్కకి వచ్చింది. కాలిన రబ్బరు, చెమట, మందుల వాసన కలిసిన గాలి ఒకటి లోపలికి కొట్టింది. తర్వాత ఆ చప్పుడు బండిని దాటి ముందుకు వెళ్ళిపోయింది. దీపాల వెలుగులో రోడ్డు వారన దుమ్ము ఒక వరసలో లేస్తూ, లేస్తూ, దూరంగా పోవడం ఆమె కళ్ళారా చూసింది.

"క్లెమ్!" అని కుదిపింది. లేవలేదు. చెయ్యి చల్లగా ఉంది. "క్లెమ్, లే!"

ఎప్పటికో పెద్దగా ఊపిరి పీల్చి కళ్ళు తెరిచాడు. అప్పటికే ఎదురుగా పోలీసు దీపాలు తిరుగుతున్నాయి.

"రోండా హాస్కెట్!"

కోర్టులో ఆమె పేరు పిలిచారు. లేచి ముందుకు నడిచింది.

మెజిస్ట్రేటు పెట్రకిస్ సన్నగా, చురుగ్గా ఉన్న నడివయసు మనిషి. పోలీసుల తరఫున సార్జెంట్ బ్రైస్ వాదిస్తున్నాడు. ఆ రోజు ఆమెని ఆపిన కానిస్టేబుల్ ఫెర్రిస్ సాక్షి కుర్చీలో కూర్చున్నాడు. పాతికేళ్ళు కూడా ఉండవు. స్పీడు గన్ను చూపించిన అంకె చెప్పాడు. గన్ను సరిగ్గా పనిచేస్తోందని చెప్పాడు. అదంతా చెబుతున్నంతసేపూ రోండా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"మీకు లాయరు లేరా అమ్మా?" అంది మెజిస్ట్రేటు.

"లేరు మేడమ్. నేనే మాట్లాడతాను. నా పికప్పు నా కూతురి కంటే పెద్దది. నూట ఐదు దాటితే తలుపులు ఊడిపోయేలా ఊగుతుంది. కావాలంటే ఈ సార్జెంటు గారినే నడిపి చూడమనండి."

సార్జెంటు నవ్వాడు. "మేడమ్, స్పీడులో దొరికిపోయిన ప్రతివాళ్ళ బండీ కోర్టుకొచ్చేసరికి ముసలిదైపోతుంది."

గదిలో ఒకరిద్దరు నవ్వారు. రోండా నవ్వలేదు. కిటికీ బయట వెలుగు మారుతోంది. పడమటి నుంచి దుమ్ము లేస్తోందని రేడియోలో పొద్దున్నించీ చెబుతూనే ఉన్నారు. ఆకాశం ముందు పసుపుపచ్చగా, తర్వాత ఇటుక రంగుగా మారింది. చూస్తుండగానే పట్టపగలు గదిలో చీకటి కమ్మింది. రేకుల కప్పు మీద ఇసుక రాలుతోంది. ఎవరో లైట్లు వేశారు. అవి ఒకసారి మినుకుమని నిలబడ్డాయి.

"కానిస్టేబుల్‌ని ఏమైనా అడుగుతారా?"

రోండా బల్ల అంచు పట్టుకుంది. ఇదే ఆఖరి అవకాశం. క్లెమ్ మంచం కళ్ళ ముందు మెదిలింది. తన బండిని దాటి పోలీసు దీపాల వైపే పోయిన ఆ చప్పుడు గుర్తొచ్చింది.

"బాబూ... ఆ సాయంత్రం నీ గన్ను ఎన్ని వేగాలు చూపించింది?"

ఫెర్రిస్ సార్జెంటు వైపు చూశాడు.

"నిన్నే నాయనా. ఒకటా... రెండా?"

బయట గాలి తలుపుని తోసింది. కుర్రాడు మొదటిసారి ఆమె వైపు చూశాడు.

"రెండు," అన్నాడు.

సార్జెంటు గబుక్కున తలెత్తాడు. "ఏంటయ్యా?"

"రెండు సార్. ముందు నూట అరవై మూడు. కాసేపటికి తొంభై ఎనిమిది."

"నా బండి వచ్చినప్పుడు ఏది చూపించింది?"

"తొంభై ఎనిమిది... అమ్మా."

కప్పు మీద ఇసుక రాలుతూనే ఉంది.

మెజిస్ట్రేటు కళ్ళద్దాలు తీసింది. "మరి ముందు వెళ్ళిన బండి ఏది కానిస్టేబుల్?"

"బండి లేదు మేడమ్." అతని మాట వెనక వరసకి వినపడనంత గుసగుసలా వస్తోంది. "రోడ్డు మీద ఏమీ లేదు. అంకె కనపడింది. నా కారు ఊగింది. పక్కనుంచి... కాళ్ళ చప్పుడు వెళ్ళింది. అప్పుడే ఈ అమ్మ దీపాలు కనిపించాయి. నాకు ఆపాలనిపించింది. ఎవరో ఒక మనిషిని ఆపి, మనిషి మొహం చూడాలనిపించింది. ఆపాక ఏదో ఒకటి రాయాలి కదా... ఆ అంకే రాసేశాను. తప్పే మేడమ్."

సార్జెంటు మొహం కందగడ్డలా అయింది. మెజిస్ట్రేటు కేసు కొట్టేసింది. ఫెర్రిస్ సంగతి అతని పైవాళ్ళతో మాట్లాడతానంది. రోండా లైసెన్సు రోండాకే ఉండిపోయింది.

గెలిచిన సంతోషం వరండా దాకా కూడా నిలవలేదు. ఆ చప్పుడు తన భ్రమ అని ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. ఇప్పుడు ఇంకొకడు కూడా విన్నాడు.

ఫెర్రిస్ వెనకాలే వచ్చాడు. క్లెమ్ టీ కోసం ఆగడం చూసి దగ్గరికి జరిగాడు.

"అమ్మా, ఇవాళ వెళ్ళకండి."

"ఆయన రాత్రి మందులు ఇంట్లో ఉన్నాయి బాబూ. ఆయన ఇక్కడ ఒక్క రాత్రి కూడా ఉండరు. ఆశ్రమంలో చేర్చడానికే ఉంచానని అనుకుంటారు."

"ఆ రోడ్డు మీ గిల్బాతో ఆఖరు. ఆ రోజు అది అటే వెళ్ళింది. తిరిగి రాలేదు. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను."

లోపల్నించి క్లెమ్ కేక వేశాడు: "ఏమే, గెలిచావు కదా! దొరసానిలా ఇంటికి తీసుకెళ్ళు నన్ను!"

"మీ వెనకే వస్తాను," అన్నాడు ఫెర్రిస్. "రేడియో వేసి ఉంచండి."

సాయంత్రం ఇంకా కాలేదు. అయినా దీపాలు వేసుకునే బయల్దేరారు. దుమ్ములో ముందున్న రోడ్డు నలభై గజాలు కనపడితే గొప్ప. నాలుక మీద మట్టి రుచి. పొలాల్లో తిరిగే అన్ని బండ్లలాగే ఆ పికప్పులోనూ అటూ ఇటూ మాట్లాడుకునే రేడియో ఒకటి ఉంది. అందులోంచి అప్పుడప్పుడు ఫెర్రిస్ గొంతు వస్తోంది. "ఉన్నాను అమ్మా... వెనకే ఉన్నాను."

గోధుమ గిడ్డంగులు దాటేసరికి క్లెమ్ మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆగిపోయాడు. చూస్తే నిద్ర.

"క్లెమ్, నిద్రపోకు. నాతో మాట్లాడు."

పలకలేదు. గడ్డం గుండెల మీదికి వాలింది.

రేడియో గరగరమంది. "అమ్మా... నా కారులో స్పీడు మిషను వేసి ఉంది."

"ఊఁ."

"మీ బండి డెబ్బై చూపిస్తోంది." తర్వాత, బాగా మెల్లగా: "ఇంకోటి కూడా చూపిస్తోంది."

రోండా స్టీరింగుని రెండు చేతులా బిగించింది.

"ఎక్కడ?"

"తెలీదు. ఇప్పుడే నన్ను దాటింది. వంద... నూట ఇరవై... అమ్మా, ఆపకండి. ఏం చూసినా ఆపకండి."

వినపడింది.

తప్. తప్. తప్. తప్.

దుమ్ముగాలి హోరులో కూడా స్పష్టంగా. దగ్గరగా. ఇంకా దగ్గరగా... ఆమె యాక్సిలరేటరు తొక్కింది. ఎనభై. తొంభై. బండి మూలుగుతోంది. తలుపులు కొట్టుకుంటున్నాయి. నూరు. అద్దం ఊగిపోయి అందులో ఏమీ కనపడటం లేదు. కాలిన రబ్బరు, చెమట, మందుల వాసన.

"క్లెమ్! దేవుడా... క్లెమ్!"

ఎడమచెయ్యి చాపి అతని చెంప తట్టింది. మంచుముక్క. ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి... లేదు. ఉందా? లేదు. ఏడుపు, అరుపు కలిసిపోయి గొంతులోంచి ఏదో వచ్చింది. ఆపలేదు. ఆపితే అది అందుకుంటుంది. ఆపకపోతే అతను పోతాడు.

"మీతో సమానంగా ఉంది," అంది రేడియో. కుర్రాడు ఏడుస్తున్నాడు. "మీ వేగమే... దాని వేగం. ఎడమవైపు. ఆయన తలుపు పక్కనే..."

క్లెమ్ వైపు కిటికీ అవతల ఎర్రటి దుమ్ము తప్ప ఏమీ లేదు. కాళ్ళ చప్పుడు మాత్రం ఆ తలుపుని ఆనుకునే పరిగెడుతోంది. ఒకటే ఆయాసం. కొండ ఎక్కుతున్న మనిషి ఆయాసం.

ఆగిపోయింది.

ఒక్కసారిగా. చప్పుడు, ఆయాసం, వాసన, అన్నీ.

పక్కసీట్లో క్లెమ్ నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా పెద్దగా ఊపిరి పీల్చాడు. కళ్ళు తెరిచి ఆమెని చూశాడు. "ఏమైందే? ఎందుకేడుస్తున్నావు? మనం గెలిచాం కదా."

ఆమె వేగం తగ్గించింది. రేడియో మళ్ళీ పలికింది.

"అమ్మా... ఇప్పుడు ఒక్కటే చూపిస్తోంది. మీ బండి ఒక్కటే."

ఫెర్రిస్ గేటు దాకా వచ్చాడు. వాళ్ళు ఇంట్లోకి వెళ్ళేదాకా దీపాలు ఆర్పలేదు. కారు మాత్రం దిగలేదు. చెయ్యి కూడా ఊపకుండా తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో అన్ని దీపాలూ వేసింది రోండా. తలుపులకి గడియలు పెట్టింది. మందులు ఇచ్చింది. సూపు వెచ్చబెడితే క్లెమ్ ఒక్క చుక్క మిగల్చకుండా తాగేశాడు. చెంపల్లోకి రంగు వచ్చింది. చాలా కాలం తర్వాత ఇంత హాయిగా నిద్రపోయానన్నాడు. మంచం మీద కూర్చుని, వంగలేక, ఎప్పటిలాగే కాళ్ళు ముందుకు చాపాడు. "తియ్యవే."

ఆమె కింద కూర్చుంది. బూట్ల తాళ్ళు తను పొద్దున వేసిన ముడితోనే ఉన్నాయి. బూట్ల మీద దుమ్ము కూడా పెద్దగా లేదు. ముడి విప్పి ఒక బూటు లాగింది. తెల్లటి మేజోడు. శుభ్రంగా ఉంది. దాన్నీ మెల్లగా ఒలిచింది.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఏంటే?" అన్నాడు క్లెమ్ నవ్వుతూ. "కంపు కొడుతోందా?"

అరికాలు చర్మం పీలికలై వేలాడుతోంది. మడమలో సన్నటి కంకరరాళ్ళు గుచ్చుకుని ఉన్నాయి. వేళ్ళ సందుల్లో నల్లగా ఏదో అంటుకుంది. ఆమె వేలితో తాకింది. తారు.

ఇంకా వెచ్చగా ఉంది.