బెత్తెడు సందు

ఏజెంట్ ఉమాశంకర్ రిటైర్మెంట్‌కి ఇంకా పదకొండు రోజులున్నాయి. అలాంటివాణ్ణి చీఫ్ కాశీబుగ్గలో ఓ జీడిపప్పు గోడౌన్‌కి పిలిపించి, చేతిలో ఒక ఫోటో పెట్టాడు.

"ఇందు. జలాంతర్గాముల్ని పసిగట్టే సోనార్ ఇంజనీర్. విదేశీ ముఠా ఎత్తుకుపోయింది. గురువారం నాలుగింటికి ఉద్దానం తీరంలో బోటెక్కిస్తారు. అక్కడిదాకా కారవాన్‌లో తెస్తారు. డ్రైవర్‌వి నువ్వే."

ముఠా డ్రైవర్‌కి డిపార్ట్‌మెంట్ దయవల్ల టెక్కలిలో జ్వరం పట్టుకుందట. దాడి చేద్దామంటే వీల్లేదు. ఇందు పక్కనే ధీరజ్ అనేవాడు పిస్టల్‌తో కూర్చుంటాడు, అనుమానమొస్తే కాల్చేస్తాడు. ముందు వాణ్ణి కిందికి దింపి, మళ్ళీ ఎక్కకుండా చెయ్యాలి. ముఠాలో మన మనిషి తనూజ. రెండు పక్కలా జీతం తీసుకునే అందగత్తె.

"ఆవిణ్ణి నమ్మొచ్చా?"

"నెలకి పదిహేను రోజులు."

ఉమాశంకర్ నిట్టూర్చాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో హెలికాప్టర్ కూడా నడిపాడు గానీ, కారు వెనక తగిలించిన కారవాన్‌ని రివర్స్ చెయ్యడం రాదు. కుడికి తిప్పితే అది ఎడమకి పోతుంది. ఆ విద్య నేర్పడానికి ట్రాక్టర్ డ్రైవర్ ఢిల్లీరావుని కుదిర్చాడు చీఫ్. గోడౌన్ వెనక, ట్రాలీతో, మూడు రోజులు.

"తొందరపడకు మావా. సెయ్యి స్టీరింగ్ అడుగున ఎట్టు. సెయ్యెటెల్తే తోకటెల్తాది. వొంకరైపోతే ముందుకొచ్చి మల్లీ మొదలెట్టు, సిగ్గేటి? వెనకున్నోడు అద్దంలో కనబడకపోతే మాత్రం బండాపీ."

మెడ పట్టేసింది, నడుం విరిగింది. వద్దని చెప్పి ఇంటికి పోవాలనిపించింది. కానీ నిరుడు ఇచ్ఛాపురంలో పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళినందుకు ఒక మనిషి పోయాడు. అప్పట్నుంచీ ఎంత పడుకున్నా అతని అలసట తీరడం లేదు. ఈ పిల్ల కూడా పోతే ఇక తీరదని అతనికి తెలుసు.

గురువారం మూడూ నలభైకి బండి కంచిలి దాటి కొబ్బరితోటల్లోకొచ్చింది. ట్రాక్టర్ పట్టేంత దారి. చివర తిప్పుకునే చోటు లేదు, కాబట్టి రెండొందల అడుగులు రివర్స్‌లోనే పోవాలి. ఢిల్లీ ల్యాబ్ పంపిన రివర్స్ కెమెరా ఉప్పుగాలికి ఉదయమే కన్నుమూసింది. పక్క సీట్లో తనూజ నల్లకళ్ళజోడు పెట్టుకుని లిప్‌స్టిక్ దిద్దుకుంటోంది.

ఉమాశంకర్ బ్రేక్ వేశాడు. వెనక చూసే మనిషి లేకపోతే చెట్టుకి గుద్దేస్తానన్నాడు. తన హీల్స్ ఇసకలో దిగబడతాయని తనూజ ఇంటర్‌కామ్ తీసింది.

"ధీరజ్, నువ్వు దిగు. పిస్టల్ లోపలే పెట్టు. చెట్లమీద కొబ్బరి దింపేవాళ్ళు చూస్తున్నారు."

ఇవాళ నమ్మదగిన పదిహేను రోజుల్లోదే అనుకున్నాడు ఉమాశంకర్.

ధీరజ్ దిగి తలుపు మూశాడు. అద్దంలో కనబడేలా కుడిపక్కన నిలబడమన్నాడు ఉమాశంకర్. తలుపు ఎడమపక్కన ఉంది.

"రానీ, రానీ," అన్నాడు ధీరజ్.

ఉమాశంకర్ స్టీరింగ్ అడుగున చెయ్యి పెట్టి మెల్లగా ఎడమకి జరిపాడు. తోక ఎడమపక్క కొబ్బరిచెట్టు వైపు కదిలింది. చెమటకి చెయ్యి జారింది, కారవాన్ అడ్డం తిరిగిపోయింది. సిగ్గేటి అనుకుని ముందుకొచ్చి మళ్ళీ మొదలెట్టాడు. సముద్రం మీద బోటు చప్పుడు వినిపించింది. టైం మూడూ యాభై ఎనిమిది.

కుడికి, కుడికి అని ధీరజ్ కేకలేశాడు. అలాగే అంటూ ఉమాశంకర్ ఇంకాస్త ఎడమకే పోనిచ్చాడు. కేకలు ఆగిపోయాయి. అద్దంలో మనిషి లేడు.

ఇంకో అడుగు పోతే తలుపుకి చెట్టు పూర్తిగా అడ్డమొస్తుంది. కానీ తలుపు దగ్గరికి పరిగెత్తి ఉంటే ఆ మనిషి చెట్టుకీ బండికీ మధ్య నలిగిపోవచ్చు. ఉమాశంకర్ బండి ఆపేశాడు. ఇంజను ఆపి, కళ్ళు మూసుకున్నాడు.

వెనక హ్యాండిల్ చప్పుడైంది. తలుపు బెత్తెడు తెరుచుకుని చెట్టుకి కొట్టుకుంది. మళ్ళీ కొట్టుకుంది. పిస్టల్, ఇందు లోపల. ధీరజ్ బయట.

తనూజ రెండుసార్లు హారన్ కొట్టింది. కొబ్బరి దింపేవాళ్ళు చెట్లు దిగి ధీరజ్‌ని పట్టుకున్నారు. వాళ్ళంతా డిపార్ట్‌మెంట్ మనుషులే. బోటు సంగతి కోస్ట్ గార్డ్ చూసుకుంది.

కారవాన్‌ని గజం ముందుకి లాగాక ఇందు తూలుతూ దిగి మంచినీళ్ళు అడిగింది. తన సీసా ఇచ్చి ఉమాశంకర్ ఇసకలో కూలబడ్డాడు. అతనికి ఏడుపొచ్చింది, నిద్ర కూడా వచ్చింది.

మర్నాడు రిపోర్టు ఫారంలో 'శత్రువును నిలువరించిన పద్ధతి' అని ఓ గడి ఉంది. చాలాసేపు ఆలోచించి, ఓపిక లేక, ఒకే మాట రాశాడు: పార్కింగ్.