మబ్బుల మావటి నూకయ్య

కుంభవర రాజ్యంలో ఒక కట్టుబాటు ఉండేది. కోట కొలువులో ఉన్నవాడికి అరవై ఏళ్లు నిండాయంటే, భుజాన శాలువా కప్పి, "ఇక ఇంటి దగ్గర హాయిగా కూర్చో" అని పంపేసేవారు. మావటి నూకయ్యకూ అలాగే జరిగింది. హాయి మాట దేవుడెరుగు! నలభై ఏళ్లు పట్టపుటేనుగు మెడ మీద కూర్చున్నవాడికి అరుగు మీద కూర్చోవడం చేతకాలేదు. తెల్లారగానే లేచి, ఏనుగు పాదాలు చూసినట్టు, ఇంట్లో గేదె కాళ్లు నాలుగూ ఎత్తి చూసేవాడు. గేదె బెదిరి పాలివ్వడం మానేసింది.

"ఏమయ్యా, దాన్ని బతకనిస్తావా లేదా?" అని కసిరింది భార్య పైడమ్మ.

"ఏం చెయ్యనే పైడీ, చేతులు ఊరుకోవు. ఎవరికీ అక్కర్లేకుండా తిని కూర్చోవడం నా వల్ల కావడం లేదు."

ఆ రోజుల్లోనే రాజ్యానికి చిక్కొచ్చి పడింది. ధూమకేశి అనే రాక్షసి, వానమబ్బులన్నిటినీ మంత్రంతో ఏనుగుల్ని చేసి నల్లకొండ గుహలో కట్టేసుకుంది. మబ్బులు ఏనుగులెలా అవుతాయని నన్నడక్కండి. ఆషాఢంలో ఒకసారి తలెత్తి చూడండి, మీకే తెలుస్తుంది. రెండేళ్లు చినుకు లేదు. బావుల్లో బురద మిగిలింది. మబ్బుల్ని విడిపించినవాడికి అర్ధరాజ్యం ఇస్తానని రాజు విజయకేతుడు చాటింపు వేయించాడు. అంకుశాలు పట్టుకుని వెళ్లిన వీరుల్లో ఒక్కడూ తిరిగి రాలేదు.

"నేను వెళ్తానే," అన్నాడు నూకయ్య.

"వెళ్లు, గేదె అయినా బాగుపడుతుంది," అంటూనే పైడమ్మ సద్దిమూట కట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మొదటి అడవిలో నూకయ్యకు మోకాళ్లు నొప్పెట్టాయి. రెండో అడవిలో నడుము. మూడో అడవికి వచ్చేసరికి నొప్పెట్టనిదేదో వెతుక్కోవలసి వచ్చింది. అక్కడ గడ్డం దాకా పుట్ట పెరిగిన ముని ఒకడు కళ్లు తెరిచాడు.

"నాయనా, ఈ వయసులో ఎక్కడికి?"

"మబ్బుల్ని విడిపించడానికి. తమకెన్నేళ్లు స్వామీ?"

"మూడు వందల పన్నెండు."

"మరి తమరింకా తపస్సు మానలేదేం?"

ముని నవ్విన నవ్వుకు పుట్ట బీటలు వారింది. "ఏనుగులు వాటంతట అవి లేచి నిలబడితే మంత్రం విడిపోతుంది," అన్నాడు. "పొడిచి లేపబోయినవాడు మాత్రం నిలబడ్డచోటే రాయైపోతాడు. వెళ్లిరా."

గుహలో రాతి వీరుల మధ్య ధూమకేశి కూర్చుని ఉంది. జుట్టంతా పొగే. వెనక ఏనుగులన్నీ చతికిలబడి ఉన్నాయి.

"ఒరే ముసలోడా, అంకుశమైనా లేదే నీ దగ్గర!"

"కొలువు దిగినప్పుడే ఇచ్చేశానమ్మా."

"పొద్దు గూకేలోగా లేపావా, తోలుకుపో. లేదా, నిన్నూ రాయిని చేసి కాళ్లు పెట్టుకునే పీట వేసుకుంటాను."

నూకయ్య తిన్నగా గుంపుపెద్ద దగ్గరికి వెళ్లి, అలవాటు చొప్పున పాదం పట్టుకున్నాడు. అది తొండంతో విసిరికొట్టింది. లేచి మళ్లీ వెళ్లాడు. మళ్లీ విసిరింది. మూడోసారి, "నొప్పి ఎక్కడ తండ్రీ?" అంటూ మెల్లగా నిమిరాడు. ఏనుగు ఊరుకుంది. ముందరి ఎడమ పాదంలో, అరికాలి లోపల, విరిగిన మెరుపు ముక్క దిగబడి ఉంది! పెద్ద లేవలేదు, పెద్ద లేవనిదే గుంపు లేవదు. ఇన్నాళ్లూ ఎవరూ దాని కాలు చూసిన పాపాన పోలేదు.

కొలువు దిగినప్పుడు కప్పిన శాలువా చేతికి చుట్టుకుని లాగాడు. శాలువా కాలింది, అరచెయ్యి కాలింది. పొద్దు కొండ అంచున ఉందనగా మెరుపు ఊడివచ్చింది.

గుంపుపెద్ద లేచింది. వెనకే గుంపంతా లేచింది. గుహ కప్పు ఎగిరిపోయి, ఏనుగులు మబ్బులై కురిశాయి. ఆ జడికి ధూమకేశి జుట్టుతో సహా చల్లారి, బూడిదై కొట్టుకుపోయింది. రాతి వీరులు మనుషులై తుమ్ముకుంటూ లేచారు.

పెద్దమబ్బు మెడ మీద కుంభవరం చేరిన నూకయ్యకు రాజే తడుస్తూ ఎదురొచ్చాడు.

"నూకయ్యా, అర్ధరాజ్యం నీదే!"

"ఏలడం నాకేం తెలుసు ప్రభూ? వీటి కాళ్లు చూసుకుంటూ, ఏ పల్లెనూ మరవకుండా తిప్పేవాడొకడు కావాలి. ఆ పని ఇప్పించండి చాలు."

అలా అరవై మూడో ఏట నూకయ్య కొత్త కొలువులో చేరాడు. ఇప్పటికీ ఆకాశం గుడగుడలాడిందంటే పైడమ్మ పెరట్లోకి పరుగెత్తుతుంది.

"ఏమయ్యా, మిరపకాయలు ఎండబెట్టాను! కాస్త ఆ గుంపుని ఆపు!"

ఆపుతాడు. చివరి కాయ చేటలో పడేదాకా ఊరంతా తలెత్తి ఎదురుచూస్తుంది.