ముక్కుగారి రాజీనామా

రాజీనామా ఉత్తరం మెయిల్లో వెళ్ళిపోయి అప్పటికి పది నిమిషాలైంది.

"మళ్ళీ చెప్పండి," అంది భార్య, చేతిలో గరిటె అలాగే పట్టుకుని. "ఉద్యోగం ఎందుకు మానేశారు?"

"విస్కీ టీలా ఉంది," అన్నాడాయన.

"దానికి ఉద్యోగం మానేస్తారా?"

"దానికే మానేశాను."

భార్య కూతురి వైపు చూసింది. కూతురు మేనమామ వైపు చూసింది. మేనమామ బ్రెడ్డు ముక్క నములుతూ గోడ గడియారం వైపు చూశాడు. తొమ్మిదింపావు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

ఆయన టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగి. బల్ల మీద వరసగా పెట్టిన కప్పుల్లోంచి చెంచాతో జుర్రి, పుక్కిలించి, ఉమ్మి, ఏ సరుకు కొనాలో ఏది వదిలెయ్యాలో చెప్పడం ఆయన పని. ఆఫీసులో అందరూ ముక్కుగారు అంటారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ముక్కు మీదే ఇల్లు నడుస్తోంది. ఈ రోజు పదిన్నరకు ఈ ఏటి కొత్త పంట రుచి చూడాలి. ఆయన ఊ అంటే కంపెనీ ఏడాదికి సరిపడా సరుకు కొంటుంది.

ఆయనకున్న ఒకే ఒక్క సరదా స్కాట్లాండ్ నుంచి వచ్చే సింగిల్ మాల్ట్ విస్కీ. జీతానికి మించిన సరదా కాబట్టి కొన్ని నియమాలు పెట్టుకున్నాడు. ఆరు నెలలకు ఒక్క సీసా. అట్టపెట్టె అందం చూసి కొనకూడదు. సీసా మీద పీపాలో ఊరిన ఏళ్ళ అంకె పెరిగే కొద్దీ ధర ఎగబాకుతుంది గాని రుచి అంత వేగంగా పెరగదు కాబట్టి, పెద్ద పేరున్న పద్దెనిమిదేళ్ళదానికంటే పేరు లేని పదేళ్ళది మేలు. ముందు అరచేతిలో పట్టే బుల్లి సీసా కొని రుచి చూడాలి, నచ్చితేనే పెద్దది. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ముందు ఒక్క చిన్న గ్లాసు, అందులో నాలుగు చుక్కల నీళ్ళు. తాగడం తర్వాత, ముందు వాసన.

"నిన్న గ్లాసు దగ్గర పెట్టుకుంటే టీ వాసన," అన్నాడు ముక్కుగారు. "పోయిన వారమూ అంతే. ఆ ముందు వారం కాస్త అనుమానం వచ్చింది, జలుబేమో అనుకున్నాను."

"విస్కీలో టీ వాసన వస్తే విస్కీకి జబ్బు చేసినట్టు. మీకెందుకు చేస్తుంది?" అంది భార్య.

"నాకు పని నేర్పిన పెద్దాయన గుర్తున్నాడా? చివర్లో ఆయనకు సబ్బు కూడా టీ వాసన వేసేది. ఎవరికీ చెప్పలేదు. అలవాటు కొద్దీ బాగుంది బాగుంది అంటూ ఆరు నెలల పాటు బూజు పట్టిన సరుకు కొనిపించాడు. కంపెనీ మునిగినంత పనైంది. తలుపు దగ్గర అందరూ చూస్తుండగా చేతి సంచీ ఇచ్చి పంపేశారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను." "నేను అలా వెళ్ళను. నా అంతట నేనే వెళ్తాను."

"అక్కా, బావకి ముందు ఏదైనా తినిపించు," అన్నాడు బావమరిది. అతను లిఫ్టులు బాగు చేసే మెకానిక్. ఈ పక్క పని పడి మూడు నెలలుగా ముందు గదిలో ఉంటున్నాడు. "ఖాళీ కడుపున ఇలాంటి నిర్ణయాలే వస్తాయి."

కూతురు అలమారు పై అరలోంచి సీసా దించింది. రక్త పరీక్షల ల్యాబులో పని చేసే పిల్ల. నమూనా చూడకుండా ఏదీ నమ్మదు. ఆదివారాల్లో తండ్రి పక్కన కూర్చుని వాసనలు పట్టడం నేర్చుకున్నది కూడా తనే. మూత తీసి వాసన చూసింది.

"నాన్నా, నాకూ టీ వాసనే వస్తోంది."

"నీకు నేర్పింది నేను. నేనేదంటే నీకదే తోస్తుంది."

"మామయ్యా, నువ్వు చూడు."

బావమరిది ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. "మండాల్సినంత మండట్లేదు. అంతకు మించి నన్నడక్కండి."

"సరే, ఏ టీ నాన్నా?" అంది కూతురు.

"పోయిన నెల నేను ఇంటికి తెచ్చిన శాంపిలు. కొండ వాలు తోటది. రెండు నిమిషాలు ఎక్కువ నానింది." చెప్పేశాక ఆయనే ఆగిపోయాడు.

"ముక్కు పోయినవాళ్ళకి ఇంత వివరంగా తెలుస్తుందా?"

వంటింట్లో నీళ్ళు మరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

"నీ సీలు సీసా తియ్యి," అంది కూతురు.

అది ముక్కుగారి ఉద్యోగం నేర్పిన అలవాటు. కంపెనీలో కొన్న ప్రతి సరుకు నుంచీ ఒక చిన్న డబ్బా సీలు వేసి దాస్తారు, తర్వాత ఏదైనా తేడా వస్తే పోల్చి చూడ్డానికి. ఆయన విస్కీకీ అదే చేస్తాడు. ప్రతి సారీ బుల్లి సీసాలు రెండు కొంటాడు, ఒకటి రుచికి, ఒకటి సాక్ష్యానికి.

"తియ్యను," అన్నాడు.

"ఎందుకు?"

"అందులోనూ టీ వాసనే వస్తే?"

మూడు వారాలుగా ఆయన ఆ బుల్లి సీసా దగ్గరికి ఎందుకు వెళ్ళలేదో అప్పుడు తెలిసింది. రాజీనామా రాయడానికి ధైర్యం సరిపోయింది గాని, ఆ మూత తిప్పడానికి సరిపోలేదు.

కూతురు తండ్రిని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టింది. బీరువాలోంచి బుల్లి సీసా తెచ్చి సీలు తెంపింది. ఒక గ్లాసులో అది, ఇంకో గ్లాసులో పెద్ద సీసాలోది పోసింది. ఏది ఏదో చెప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి చేతికిచ్చింది.

మొదటిది. "టీ," అన్నాడాయన నీరసంగా.

రెండోది. ముక్కుగారు గ్లాసును మళ్ళీ మళ్ళీ ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"బేరిపండు," అన్నాడు. "తేనె. తడిసిన చెక్క. చివర్లో కాస్త ఉప్పు గాలి." ఇటు తిరిగాడు. కళ్ళు నిండిపోయి ఉన్నాయి. "ఉందే. అంతా ఉంది."

భార్య గరిటె బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడింది. కూతురు నవ్వింది. ఆ సంతోషం అర నిమిషం నిలిచింది.

"అయితే," అన్నాడు ముక్కుగారు నెమ్మదిగా, "నా సీసాలో టీ పోసింది ఎవరు?"

ఇంట్లో ఉన్నది నలుగురు. ఆయన తనను తాను తీసేశాడు. కూతుర్ని తీసేశాడు, కావాలంటే అడిగి పోయించుకునే పిల్ల. భార్యను లెక్కలోకే తీసుకోలేదు. పాతికేళ్ళుగా ఆఫీసు విందుల్లో కూడా గ్లాసు కనిపిస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఎదుటివాడు మేనేజరైనా సరే, తాగుడు గురించి నాలుగు మాటలు చెప్పి గాని కదలని మనిషి. ఇక మిగిలింది ఒక్కడే.

"నా వైపు చూస్తావేంటి బావా?"

"నువ్వొచ్చి మూడు నెలలు. సీసా పాడై మూడు వారాలు."

"తాగాలనుంటే అడిగి తాగుతాను. నీళ్ళు పోసేవాణ్ణేమో గాని, రంగు చూసుకుంటూ కూర్చుని టీ కలిపేంత ఓపిక నాకెక్కడిది? నాకు టీ పెట్టడమే రాదు. అక్కా, నువ్వైనా చెప్పు. నేను అలాంటివాణ్ణా?"

భార్య నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. "స్టవ్ మీద ఏదో మాడుతోంది," అని లోపలికి వెళ్ళిపోయింది.

స్టవ్ మీద ఉన్నవి మరిగే నీళ్ళే. మాడేందుకు ఏమీ లేదు. కానీ బావమరిదికి ఆ సంగతి తట్టలేదు. అక్క కూడా తనను నమ్మలేదన్నదొక్కటే తట్టింది. లేచి ముందు గదిలోకి వెళ్ళి సంచీలో చొక్కాలు కుక్కడం మొదలుపెట్టాడు.

"మామయ్యా, ఆగు," అంది కూతురు.

"వద్దమ్మా. పనిముట్ల పెట్టె తర్వాత వచ్చి తీసుకుంటాను."

అప్పుడే ఫోను మోగింది. మేనేజరు. ముక్కుగారు స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు.

"ఏమయ్యా, ఏంటీ ఉత్తరం? ఇక్కడ కప్పులు సర్దేశారు, నీళ్ళు కాగుతున్నాయి, పది మంది నీ కోసం నిలబడి ఉన్నారు. నీ ముక్కు పోయిందంటావు, విస్కీ అంటావు, టీ అంటావు. నాకొక్క ముక్క అర్థం కాలేదు."

"పొరపాటైంది సార్. ముక్కు బాగానే ఉంది. ఇంట్లో సీసాలో ఎవరో టీ కలిపారు."

"ఎవరో అంటే కుదరదయ్యా. ఉత్తరం పై వాళ్ళకీ వెళ్ళింది. రేపు వాళ్ళు ముక్కుకి మళ్ళీ పరీక్షలు చేయించమంటారు. ఫలానా వాళ్ళు కలిపారు, ఒప్పుకున్నారు అంటే నవ్వేసి వదిలేస్తారు. ఎవరు?"

ముక్కుగారు ముందు గది వైపు చూశాడు. సంచీ జిప్పు చప్పుడు వినిపించింది.

"మా బావమరిది సార్," అన్నాడు.

"కాదు."

వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది. వచ్చి ఫోను ముందు కూర్చుంది.

"అన్నయ్యగారూ, మా తమ్ముడు కాదు."

"ఎవరూ, చెల్లెమ్మా? బాగున్నావా? మరెవరమ్మా?"

ఆవిడ ఫోనుతో మాట్లాడలేదు. భర్తతో మాట్లాడింది. "ప్రతి ఆదివారం మీరిద్దరూ తలలు దగ్గర పెట్టుకుని బేరిపండు, తేనె, తడిసిన చెక్క అంటూ ఒకటే నవ్వులు. నేను లోపల కూర తరుగుతూ వినేదాన్ని. నన్నొక్కసారి కూడా రమ్మనలేదు."

"నువ్వు తిడతావని," అన్నాడాయన తెల్లబోయి.

"తిడతాను. అందుకే అడగలేకపోయాను. ఇన్నేళ్ళు తిట్టిన నోటితో ఎలా అడగను? మీరు ఆఫీసుకెళ్ళాక మూత తీసి చూశాను. కళ్ళు మండాయి, అంతే. బేరిపండు లేదు, ఏమీ లేదు. మర్నాడు ఒక చెంచా. నాలుగు చుక్కల నీళ్ళు వేసి చూశాను, మీరు చెప్పినట్టే. ఏడో రోజుకి దొరికింది." ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, పెదవుల మీద మాత్రం చిన్న నవ్వు. "నిజంగా బేరిపండే. ఇల్లంతా ఎవరికైనా చెప్పాలని తిరిగాను. ఎవరికి చెప్పను? సీసా తగ్గిపోతుంటే మీ శాంపిలు పొడితో రంగు కుదిరేదాకా కాచి పోశాను. మీరు ముక్కే పోయిందనుకుంటారని నాకేం తెలుసు?"

ముక్కుగారు కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. ముందు గది గుమ్మంలో సంచీతో బావమరిది నిలబడిపోయాడు.

"చెల్లెమ్మా," అన్నాడు మేనేజరు ఫోనులోంచి, కాస్త ఇబ్బందిగా. "ఇక్కడా స్పీకరే పెట్టాను. మావాళ్ళందరూ వింటున్నారు. కానీ అసలు మాట చెప్పనే లేదు నువ్వు. సీసాలో టీ పోసిందెవరని రాసుకోమంటావు?"

ఆ పది మందిలో ఏదో ఒక విందులో ఆవిడ తిట్లకి గ్లాసు కింద పెట్టనివాళ్ళు లేరు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది, తమ్ముడి వైపు చూసింది, ఫోను దగ్గరికి వంగింది.

"నేను, అన్నయ్యగారూ. తాగింది నేను, పోసింది నేను. ఆయన భార్య అని స్పష్టంగా రాసుకోండి."