బండపొడి

"మీ మహిమ బండపొడిలో ఉండాదంట వదినా!"

పక్కింటి ఈరక్క గడప దాటకముందే ఆ మాట అనేసింది. జీవమ్మ చేతిలోని చేట జారిపోయి, ఏరుతున్న వేరుశనగ విత్తనాలు నట్టింటి నిండా దొర్లాయి...

"ఏమంటాండావు ఈరక్కా? ఎవురు చెప్పినారు?"

"నిన్న కడపకు పోయింటి గదా! పాపను చూసొద్దామని హాస్టలు కాడికి పోతి. మనిషి లేదు. దాని పక్క మంచం పిల్ల చెప్పె, 'మహిమా? ఆదివారం గదా, బండపొడిలో ఉంటాది' అని. ఏడాదిగా అంతేనంట. పాలిష్ షెడ్డు కాడంట. నామీద అరవగాకు, విన్నది చెప్పినా!"

బండపొడి! ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది. కడపలో ఇరవై ఏళ్లు నాపబండలకు పాలిష్ పట్టిన లేవి, ప్రతి శనివారం కనుబొమ్మలతో సహా తెల్లబడి, పిండిబొమ్మలా వచ్చి వేంపల్లె ఇంటి గుమ్మంలో నిలబడేవాడు. చిన్నారి మహిమ నాయన చేతి మీది పొడిలో వేలితో తన పేరు రాసి కిలకిలా నవ్వేది. ఆ పొడే చివరికి ఆయన ఊపిరితిత్తుల్లో గూడు కట్టింది. పోయే ముందు, "జీవీ... నా బిడ్డను ఆ పొడి కాడికి మాత్రం పంపొద్దే..." అని భార్య చెయ్యి పట్టుకున్నాడు. బైబిలు మీద చెయ్యి వేసి మాట ఇచ్చింది జీవమ్మ. ఆ మాట కోసమే కదా, ఎండనక వాననక కూలికి పోయి బిడ్డను డిగ్రీలో చేర్పించింది!

ఆయన పోయిన రోజుది ఇంకొకటి కూడా ఆమె లోపల మిగిలిపోయింది. మొగుడు పోయిన ఆడది, ఆయన మంచీ చెడూ పేరుపేరునా ఎత్తి, వీధంతా వినబడేలా శోకం పెడుతుంది ఆ సీమలో. అట్లా పెడితేనే గుండె నిలుస్తుంది. జీవమ్మా నోరు తెరిచింది. తెరవగానే, చర్చిలో అందరూ పెద్దమ్మ అని పిలిచే మేనత్త కొంగు తెచ్చి నోటికి అడ్డం పెట్టింది. "ప్రభువులో నిద్రపోయినోనికి శోకమేందే? ముందు వరసలో నిలబడి పాడేదానివి, పాట ఎత్తు!" అంది. ఎత్తింది జీవమ్మ... "ఎంత విశ్వాసం!" అని చర్చి చర్చంతా మెచ్చుకుంది. రావలసిన శోకం మాత్రం వెనక్కి మళ్లి రొమ్ము కింద బండలా కూర్చుంది. ఆరేళ్లయింది. ఆ రోజు పదమూడేళ్ల మహిమ తల్లి నోటివంకే చూస్తూ నిలబడింది...

మహిమకు ఫోన్ చేసింది జీవమ్మ.

"పాపా... నువ్వు బండపొడిలో ఉండావా?"

అటువైపు తలుపు వేసిన చప్పుడు వినబడింది.

"నీకెవురు చెప్పినారు మా?"

అయ్యో, అబద్ధమైనా చెప్పలేదే పిల్ల! ఇంటికొచ్చినప్పుడల్లా ఆ బొంగురు గొంతు... అడిగితే "జలుబు మా" అనేది. నల్ల చొక్కా భుజాల మీది తెల్లటి పొడిని ఈ చేతులతోనే ఉతికింది కదా! ఇంకేమీ అడగలేక ఫోన్ పెట్టేసింది. ఆ వారమంతా కళ్లు మూస్తే చాలు, తెల్లటి మనిషి ఒకడు గుమ్మంలో నిలబడేవాడు. దగ్గరికి పోతే లేవి కాదు, మహిమ!

ఆదివారం చర్చి గంట మోగుతుంటే జీవమ్మ కడప బస్సెక్కింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె ఆరాధన మానింది ఆ ఒక్కనాడే. ఒళ్లో సంచి, సంచిలో లేవి తువ్వాల. ఆరేళ్లుగా ఉతకని తువ్వాల! బిడ్డ ముందర దాన్ని పరిచి, "చూడు, మీ నాయనను తిన్నది ఇదే" అని చెప్పాలి.

యంత్రాలు ఆగిన షెడ్డు నిద్రపోతున్నట్టుంది. వాకిట్లో కాపలా కూర్చున్న బాలస్వామి ఒకప్పుడు లేవితో కలిసి పనిచేసినవాడు. ఆమెను చూసి దిగ్గున లేచాడు.

"వదినా! నువ్వా! రా రా, ఇంకా మొదలు కాలా."

"ఏంది మొదలయ్యేది? నా బిడ్డతో బండలు పట్టిస్తాండావా? లేవి ముద్ద పంచుకు తిన్న చేతులేనా అయి!"

బాలస్వామి తెల్లబోయాడు. తర్వాత నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

"బండలు కాదు వదినా... బండపొడి అంటే ఈ పిల్లోళ్ల పాటల మేళం పేరు! మన మహిమే పెట్టింది. నువ్వే చూద్దువు రా."

లోపల రేకుల చిల్లుల్లోంచి ఎండ సన్నటి ధారలుగా దిగుతోంది. ఆ ధారల్లో పొడి, కిందికీ దిగక పైకీ పోక, కలలోలా తేలుతోంది. ఏ చర్చివాళ్లో తీసి పారేసిన పాత డ్రమ్ముల వెనక భూపేష్ అనే కుర్రవాడు, గిటారుతో సాహితి అనే పిల్ల. బండల మీద కూర్చుని వినేవాళ్లు పదకొండు మంది. నడుమ నల్ల చొక్కాలో మహిమ, కళ్లు మూసుకుని ఉంది. తల్లి వచ్చింది చూడలేదు.

"నాయన వస్తాండాడు... తెల్లగా వస్తాండాడు... చేతిమీద నా పేరు రాస్తి... దులుపుకోకుండా పండుకున్నాడు..."

గొణుగుతున్నట్టు మొదలైంది పాట. లేవి నిజంగా దులుపుకునేవాడు కాదు! పొద్దున లేచాక కూడా ఆ పేరు ఆయన చేతి మీద అట్లాగే ఉండేది...

డ్రమ్ములు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. మహిమ నోరు తెరిచి అరిచింది! అది రాగం కాదు, మాట కాదు. ఎవరైనా వింటే దయ్యం పట్టిందనుకుంటారు. జీవమ్మ అట్లా అనుకోలేదు. ఆ అరుపు ఆమెకు తెలుసు. ఆరేళ్లుగా రొమ్ము కింద మోసింది దాన్నే! బిడ్డ గొంతులోంచి అది బయటికొస్తుంటే, ఇంక ఆమె వశంలో ఏమీ లేకపోయింది.

"ఓ నా లేవయ్యా...! తెల్లగా వస్తివి గదయ్యా! తెల్లగానే పోతివి గదయ్యా...!"

సంచిలోని తువ్వాల తీసి గుండెకేసి కొట్టుకుంది. దాని పొడి లేచి ఎండధారలో కలిసింది. భూపేష్ బెదిరి చేతులు ఆపాడు. మహిమ కళ్లు తెరిచి, తల్లిని చూసి, ఆపవద్దని చెయ్యి ఊపింది. డ్రమ్ము మెల్లగా, గుండె కొట్టుకున్నట్టు మళ్లీ మోగింది. ఆ మోత మీదనే జీవమ్మ తన మొగుని మంచి, చెడు, తిట్టిన తిట్లు, తెచ్చిన మల్లెపూలు, అన్నీ ఎత్తి ఎత్తి శోకం పెట్టింది. ఎవరూ ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టలేదు...

గొంతు పోయాక ఆగి, ఒక బండ మీద కూలబడింది. మహిమ వచ్చి తల్లి ఒళ్లో తల పెట్టుకుంది.

"ఆ పొద్దు నువ్వు నోరు తెర్సినావు మా. శబ్దం రాలా. అది ఎట్లుంటాదో ఎతుక్కుంటాండా మా, ఈ ఆరేండ్లు... నీకు చెప్తే బాధపడతావని..."

"పిచ్చిదానా! దీన్నేమంటారే?"

"ఇంగ్లీషులో హార్డ్‌కోర్ అంటారు మా. లోపలి బాధను ఇట్లా అరిచి పాడేదాన్ని ఈమో అంటారు."

"శోకం అంటారే దీన్ని!"

అందరూ నవ్వారు. ఒక పిల్లవాడు దగ్గరికొచ్చాడు. "అత్తా, దీనికోసం కర్నూలు నుంచి పొద్దున్నే బస్సెక్కినాం. మాకూ ఒక మేళం ఉండాది, 'ఎండేరు' అని. మమ్మల్ని వినేటోళ్లు ఏడుగురే. మహిమ గొంతు ఎంత గొప్పదో పెద్ద ఊర్లోళ్లకు తెల్దు. తెల్సినోళ్లం ఈడుండే పదకొండు మందిమే."

"పన్నెండు," అంది జీవమ్మ ముక్కు చీదుకుంటూ.

తర్వాత బిడ్డ గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. "గొంతుతో అరవగాకు పాపా, బొడ్డు కింద నుంచి తియ్యి. లేకుంటే రెండేండ్లకు ఆ గొంతు పోతాది. ఇంకోటి. మీ నాయనకిచ్చిన మాట మాటే. ఈ పొడి మీద నువ్వు ఊపిరి తీసుకోకూడదు. ఏమప్పా బాలస్వామీ, నీళ్లు యాడుండాయి?"

ఆనాటి నుంచి నేల కడిగి తడిపాకే అక్కడ పాట మొదలవుతుంది. మొదటి బిందె జీవమ్మే పోసింది. లేవి తువ్వాలను కూడా ఆ నీళ్లలోనే ఉతికింది... తెల్లటి నీళ్లు బండల సందుల్లోంచి మెల్లగా, ఎక్కడికో తెలిసినట్టే పోయాయి.

మరుసటి ఆదివారం చర్చిలో పెద్దమ్మ నిలదీసింది. "ఏమే, పోయిన వారం యాడ సచ్చినావు? ఆ గొంతేంది, అట్ల బొంగురు పోయింది?"

"బండపొడిలో ఉండా అత్తా," అంది జీవమ్మ.

పెద్దమ్మ గతుక్కుమని, కొంగు చివర తన నోటికే అడ్డం పెట్టుకుంది.

ఆ బొంగురు గొంతుతోనే జీవమ్మ పాట ఎత్తింది.