లాక్ చేసిన చక్రాలు

“పిన్నీ, తొమ్మిది నిమిషాలే ఉన్నాయి,” అన్నాడు చీఫ్ ఫోన్లో. “నాలుగింటికి రహస్య సంకేతాల శాస్త్రవేత్త ల్యాబ్ గేటు దాటి బయటికొస్తాడు. ఆయన్ని లేపెయ్యడానికి విదేశీ ముఠా ఏదో ఏర్పాటు చేసింది. ల్యాబ్ ఫోన్ లైన్లు కోసేశారు. మిగతాది వెల్వెట్‌కి తెలుసు. గేటుకి ఎదురుగా ఉన్న ఏటవాలు వీధి, పైన కాఫీ షాపు. పరుగెత్తు.”

గూఢచారి విభాగంలో ఆమె అందరికీ పిన్నే. ఆ శాస్త్రవేత్త ఆమెకు సొంత అన్న. ఆ సంగతి చీఫ్‌కి తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

వెల్వెట్ ఆకుపచ్చ పట్టు గౌనులో, నల్ల కళ్ళద్దాలతో కాఫీ తాగుతోంది. రెండు పక్షాలకూ పనిచేసే మనిషి.

“ఆ ఎర్ర వ్యానే. నిండా గ్యాస్ సిలిండర్లు. చక్రాలు తిన్నగా గేటు వైపు ఉండేలా పెట్టి, స్టీరింగ్ లాక్ చేసి, తాళం కాలువలో పారేశాను. నాలుగింటికి వాళ్ళు ఎక్కడినుంచో రిమోట్‌తో పార్కింగ్ బ్రేక్ వదిలేస్తారు.”

“నువ్వే పెట్టావా?”

“వాళ్ళు అడిగారు, పెట్టాను. మీ చీఫ్ అడిగాడు, చెప్పాను. దాని అద్దం తూటాకి కూడా పగలదు. గేటు దగ్గర షిఫ్టు దిగేవాళ్ళు డెబ్బైమంది. నీకు రెండు నిమిషాలున్నాయి.”

పిన్ని లిప్‌స్టిక్ తీసి వ్యాన్ మీదికి గురిపెట్టి నొక్కింది. రిమోట్ సిగ్నల్‌ని చంపే జామర్ అది. ఉలుకూ పలుకూ లేదు. పొద్దున వంటింటి గడియారం ఆగిపోతే, దానికి వెయ్యడానికి ఈ లిప్‌స్టిక్‌లోని బ్యాటరీ తీసింది తనే. చక్రం కింద పెట్టడానికి రాయి కోసం వెతికింది. అద్దంలా ఊడ్చిన వీధి. గులకరాయి కూడా దొరకలేదు.

కింద గేటు తెరుచుకుంది. అందరికంటే ముందు అన్నయ్య, టిఫిన్ డబ్బా ఊపుకుంటూ.

ఆమె తన కారెక్కి వ్యాన్ ముందుకొచ్చి, వెనక బంపర్ దానికి ఆనేదాకా రివర్స్ చేసింది. స్టీరింగ్‌ని ఎడమకి, ఫుట్‌పాత్ అంచురాయి వైపు, చివరిదాకా తిప్పింది. రివర్స్ గేరులోనే ఇంజన్ ఆపి తాళం లాగింది. స్టీరింగ్ టక్కున బిగుసుకుంది. ఇక హ్యాండ్‌బ్రేక్. ‘పారిపోయే బండికి బ్రేక్ వెయ్యకు’ అన్నది విభాగం మొదటి పాఠం. పదేళ్ళుగా ముట్టుకోని ఆ కడ్డీ తుప్పుపట్టి కదలనంది. కాలు డ్యాష్‌బోర్డుకి తన్నిపట్టి, రెండు చేతులా లాగింది.

“రావే తల్లీ, నీకు దండం పెడతా, రా!”

కర్రుమంటూ పైకొచ్చింది.

వెనక వ్యాన్ బ్రేక్ వదులై, దాని బరువంతా కారు మీద పడింది. టైర్లు రోడ్డును గీరుకుంటూ జారాయి. ఒక గజం. రెండు. మూడు. ముందు చక్రం అంచురాయిని గుద్దుకుని, సగం ఎక్కి, ఆగిపోయింది. వ్యాన్ కారు వీపుకు ఆనుకుని మూలిగింది. సిలిండర్లు గలగలమని సర్దుకున్నాయి.

పిన్ని చేతులు ఇంకా ఆ కడ్డీని వదల్లేదు. అన్నయ్య రొప్పుతూ పైకొచ్చి కారు చుట్టూ తిరిగి చూశాడు.

“ఏమే, ఫుట్‌పాత్ మీదికెక్కించి ఎవరైనా బండి పెడతారా? బుద్ధుందా నీకు?”

“నిజమే అన్నయ్యా,” అంది ఆమె, ఏడుపు దిగమింగుకుంటూ.

చెల్లెలికి ఈ వయసులో కూడా పార్కింగ్ చేతకాదని ఆయన చుట్టాలందరికీ చెప్పాడు. విభాగం ఆ వార్తను ఖండించలేదు.