రెండో సిలిండరు

కర్నూలు జిల్లా మొత్తం గాలించినా తలకు నూనె రాయని మగాడు హజరత్ వలి ఒక్కడే అయ్యుంటాడు. "ఎండిన బోదగడ్డి మాదిరుండాది నీ తల" అని భార్య గుల్జార్ బీ ఎగతాళి చేసేది. నవ్వి ఊరుకునేవాడు. ఆయన పని అలాంటిది మరి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు అది. తుంగభద్ర మీది ఒక పాత ఆనకట్ట దగ్గర, నీళ్లలో మునిగి తూము తలుపులు బాగుచేసేవాళ్లకు వలి గాలి సిలిండర్లు నింపేవాడు. ముందు ఆక్సిజన్ మెల్లగా ఎక్కించాలి, దానిమీద మామూలు గాలి. ఆక్సిజన్ పోయే దారిలో చుక్క నూనె ఉన్నా భగ్గుమంటుంది. వలికి ముందు ఈ పని చేసిన సుంకప్ప మహా భక్తుడు. పోయిన ఆయుధపూజకు పనిముట్లన్నిటితో పాటు సిలిండరు మూతికీ ఆముదం పూసి, కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టుకుని మర తిప్పాడు. పాపం, గుమ్మం బయట విడిచిన చెప్పులు తప్ప ఏమీ మిగల్లేదు.

ఆ మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. తూములో ఇరుక్కున్న దుంగను తీయడానికి వలి తమ్ముడు అల్లాబక్ష్ నీళ్లలోకి దిగాలి. పొద్దున్నే ఒక సిలిండరు నింపి ఇచ్చాడు వలి. ఇప్పుడు రెండోది నింపాలి. తల్లి లేని ఆ తమ్ముణ్ని తనే పెంచాడు. వాడు దిగే రోజు వలికి అన్నం సహించదు.

కుంకుడు నురగతో చేతులు కడుక్కుని రేకుల షెడ్డులో కూర్చున్నాడు. ఉన్నట్టుండి లోపల చల్లబడింది. ఆముదం వాసన... ఇత్తడి మూతి తడిగా మెరుస్తోంది. వలి వెంటనే దాన్ని చాకలిసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఉతికిన గుడ్డతో తుడిచాడు. చూస్తుండగానే మళ్లీ చెమర్చింది. నడుమ ఎర్రగా, చిన్న బొట్టు.

"అన్నా..."

గుమ్మంలో అల్లాబక్ష్.

"లోపలికి రావద్దురా. ఈడ నూనె ఉండాది."

"ఒక్క చుక్కకేమయితాదిలే. తిప్పు."

గొంతు తమ్ముడిదే. అలాంటి మాట మాత్రం వాడు ఏనాడూ అనలేదు. అయినా వలికి అప్పుడు ఆలోచించే ఓపిక లేదు. సిలిండరు వదిలేసి, వాడి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయాడు. ఈ రోజు వీణ్ని నీళ్లలోకి దిగనివ్వకూడదు, అంతే.

గట్టుమీద తోటి పనివాడు శేషన్న నీళ్లవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. మునిగినవాడి నడుముకు కట్టే తాడు అతని చేతిలో ఉంది.

"పని ఆపేయప్పా శేషన్నా! మావాడు ఈ పొద్దు దిగడు."

"దిగడేంది? పొద్దుటి సిలిండరుతో దిగి పావుగంటయింది కదప్పా" అంటూ శేషన్న వెనక్కి తిరిగాడు. వలి పక్కన నిలబడ్డ మనిషిని చూశాడు. కూర్చున్నచోటే వెనక్కి జరిగాడు.

అప్పుడే తాడు కదిలింది. ఒకటి... రెండు... మూడు... నాలుగు.

పైకి లాగమని గుర్తు అది. ఊపిరి అందనప్పుడే ఇస్తారు.

వలి చేతిలోని చెయ్యి మెల్లగా బిగుసుకుంది. పసితనం నుంచి తను ఎరిగిన గొంతు చెవి పక్కనే గుసగుసలాడింది.

"లాగొద్దన్నా... అది నేను కాదు."