కూర్చోబెట్టిన మనిషి

పొద్దున్నే టీ కలుపుకుందామని ఆవిడ వంటింట్లోకి వెళ్ళేసరికి కోడలు అప్పటికే పొయ్యి మీద గిన్నె పెట్టేసింది.

"మీరు కూర్చోండి అత్తయ్యా, నేనిస్తాగా."

కూర్చుంది. స్నానానికి బకెట్టు ఎత్తబోతే కొడుకు పరిగెత్తుకొచ్చి లాక్కున్నాడు. మంచం కిందికి పోయిన చెప్పు కోసం వంగబోతే, "నువ్వుండమ్మా" అంటూ వాడే వంగాడు. ఆ ఇంట్లో ఆవిడ కాలు కదపాలంటే ఎవరో ఒకరి అనుమతి కావాలి. అరవై దాటిన మనిషిని ఇంత అపురూపంగా చూసుకునే కొడుకూ కోడలూ ఎవరికి దొరుకుతారని ఇరుగుపొరుగు అంటూ ఉంటారు. నిజమే, దొరకరు. అందుకే పైకి ఏమీ అనలేక లోలోపలే కుమిలిపోతోంది.

ఈ గారాబం ఇంటి గడప దాటకుండా ఉంటే ఎలాగో సర్దుకుపోయేది. కానీ ఈమధ్య పని దగ్గరా అదే వరస.

ఆవిడ పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. అక్కడ అందరికీ పెద్దమ్మ. ఏళ్ళ తరబడి మడతల బల్ల దగ్గరే పని. ఆసుపత్రి దుప్పట్లు ఒక్కరి వల్ల అయ్యేవి కావు. ఇద్దరు చెరో అంచు పట్టుకుని దులిపి, ఎదురెదురుగా నడిచి వచ్చి అంచులు కలిపి, మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. పెద్దమ్మకి జోడీ పొడుగమ్మాయి. పిల్లల తల్లే గానీ, ఎత్తు చూసి ఎవరో పెట్టిన ఆ పేరు అలా ఉండిపోయింది. డ్రయర్ల హోరులో దూరం నుంచి ఎంత అరిచినా వినపడదు కాబట్టి, ఏం మాట్లాడుకున్నా దగ్గరికి వచ్చినప్పుడే. "నిన్న మా ఆయన ఏం చేశాడో తెలుసా పెద్దమ్మా" అని పొడుగమ్మాయి అంచు చేతిలో పెట్టి వెళ్ళిపోయేది. ఏం చేశాడో తెలియాలంటే ఇంకో దుప్పటి మడవాలి. ఆ మహానుభావుడి గొడవ ఒక కొలిక్కి వచ్చేసరికి బండెడు దుప్పట్లు అయిపోయేవి.

అలాంటిది, ఒకరోజు సూపర్‌వైజరు పిలిచి, ఇకనుంచి చిరుగుల గదిలో కూర్చుని కుట్లు వేస్తే చాలన్నాడు. స్టోరు వెనకాల చిన్న గది అది. ఒక కుర్చీ, ఒక లైటు, చిరిగిన దుప్పట్ల గుట్ట. వయసు చూసి ఇచ్చిన గౌరవం కదా, వంక పెడితే ఏం బాగుంటుంది? మొదట్లో పొడుగమ్మాయి వచ్చి తొంగిచూసేది. తర్వాత బల్ల దగ్గర కొత్త జోడీ కుదిరింది, రావడం తగ్గింది. పెద్దమ్మ తప్పుపట్టలేదు. సూది గుచ్చుతూ ఒక్కోసారి పైకే ఏదో అనేసి, అలవాటు కొద్దీ జవాబు కోసం ఆగేది.

మోకాళ్ళు బిగుసుకుపోవడం ఆ కుర్చీలోనే మొదలైంది. మెట్లు ఎక్కుతుంటే తొడలు వణికేవి. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉన్న ఆ కాస్త పనీ మాన్పించేస్తారని భయం.

ఆ మధ్యాహ్నం భోజనాల గంట మోగింది. గుడ్డ పక్కన పెట్టి లేవబోయింది. లేవలేకపోయింది. చేతులు ఆనించి మళ్ళీ చూసింది. కాళ్ళు తనవి కానట్టే ఉన్నాయి. బయట నవ్వులూ, డబ్బాల మూతల చప్పుడూ దూరమైపోయాయి. పిలుద్దామంటే సిగ్గు అడ్డొచ్చింది. ఆకలేమీ లేదులే అనుకుంది గానీ కడుపు నకనకలాడిపోతోంది. కాసేపటికి అందరూ తినేసి వచ్చారు, డ్రయర్లు మళ్ళీ మొదలయ్యాయి. పెద్దమ్మ ఇవాళ తినడానికి రాలేదేమని ఒక్కరూ అనుకోలేదు. ఆవిడకి కాళ్ళ సంగతి కన్నా అదే ఎక్కువ బాధేసింది.

చివరికి దారాలు ఇవ్వడానికి వచ్చిన సూపర్‌వైజరు చూసి, రెండు చేతులూ పట్టుకుని లేపాడు.

"మీ అబ్బాయి చెప్పింది నిజమే పెద్దమ్మా. మీకు కూర్చునే పని ఇవ్వమని వచ్చి బతిమాలితే, ఊరికే కంగారు పడుతున్నాడనుకున్నా. రేపు ఆయన్ని ఓసారి రమ్మనండి. ఇక మీరు ఇంట్లో ఉండటమే మంచిదేమో, మాట్లాడుకుందాం."

తన పని గురించి తను తప్ప అందరూ మాట్లాడుకుంటున్నారు.

కొడుకు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. సాయంత్రం వాడు పనిముట్ల సంచి కింద పెట్టేలోపే ఆవిడ సోఫాలోంచి అడిగేసింది.

"నన్ను చిరుగుల గదిలో పడెయ్యమని నువ్వే చెప్పావా?"

కొడుకు పెళ్ళాం వంక చూశాడు. ఆ అమ్మాయి కూరగాయల వంక చూసింది.

"పడెయ్యడమేంటమ్మా? నీ మంచికే కదా."

"నా మంచేదో నాకో ముక్క చెప్పాల్సింది. ఇంట్లో కూర్చోబెట్టావు, ఊరుకున్నా. అక్కడా కాళ్ళు విరగ్గొట్టి కూర్చోబెట్టావు. ఇవాళ లేవలేక, తిండి లేకుండా ఆ గదిలో ఒక్కదాన్నే పడున్నా, తెలుసా?"

"చూశావా మరి. అందుకే పని మానెయ్యమనేది."

"నేను లేవలేకపోయింది పని చేసి కాదురా. చెయ్యక."

"నీకేం తెలీదమ్మా. చేతిలో గ్లాసు జారిపోవడం చూశాను. మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడటం చూశాను. నాన్న పోయినప్పుడు కూడా పని దగ్గర్నుంచే ఫోనొచ్చింది నాకు. నువ్వు పనిలో ఉన్నంతసేపూ ఎవరి ఫోను మోగినా నా గుండె జారిపోతుంది."

ఆవిడ కోపం సగం చల్లారింది. మిగతా సగం కళ్ళలోకి వచ్చింది.

"మీ నాన్న ఒక్కరోజులో పోయాడురా. నేను ఆ కుర్చీలో రోజూ కొంచెం కొంచెం పోతున్నా. నాతో మాట్లాడే మనిషి లేదక్కడ. ఇంటికొస్తే మీరిద్దరూ కూర్చోమంటారు తప్ప ఇంకో మాట అనరు."

కోడలు కత్తిపీట పక్కన పెట్టేసింది. "మొన్న బీపీ చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టరు చెప్పలేదా? కాళ్ళల్లో బలం తగ్గింది, కదులుతూ ఉండాలి, కూర్చుని లేవడం అలవాటు చెయ్యమని. ఈయన జాగ్రత్త అన్న ముక్క ఒక్కటే విన్నాడు. నేనూ ఊరుకున్నాను అత్తయ్యా, తప్పే."

"గ్లాసు సంగతి నిజమే," అంది పెద్దమ్మ. "పట్టు తగ్గింది. నేను దాచాను. అంచు జారిపోతుంటే పొడుగమ్మాయి చూసీ చూడనట్టు తనవైపు కాస్త వదులు చేసేది. మునుపటంత పని నాతో కాదు. దిండు గలీబులు ఇమ్మంటాను, అవైతే తేలిక. కానీ నిలబడి, నలుగురి మధ్య మడతపెడతాను."

"నేనొచ్చి చెప్పనా సూపర్‌వైజరుకి?"

"నువ్వు చెప్పింది చాలు నాయనా. ఈసారి నా నోటితో నేనే చెప్పుకుంటాను."

మొహం కడుక్కోవడానికి లేవబోయింది. సోఫా మరీ లోతు. కొడుకు చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. ఆవిడ ఆ చేతి వంక చూసింది. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ముందుకి జరిగి, అరచేతులు ఆనించి లేవబోయి, మళ్ళీ కూలబడింది. ఆవిడ కాసేపు ఆగి, పాదాలు దగ్గరికి లాక్కుని, పంటి బిగువున మళ్ళీ లేచింది. మోకాళ్ళు గడగడ వణికాయి, మెడ నరాలు తేలాయి. చాలాసేపు వంగినట్టే ఉండిపోయి, నెమ్మదిగా నిటారుగా నిలబడింది.

కొడుకు ఏడుస్తున్నాడు.

"ఇప్పుడేమైందిరా?"

"లేవడం నీకింత కష్టమని తెలీదమ్మా."

"ఎలా తెలుస్తుంది? నేను లేచేదాకా ఎప్పుడైనా ఆగావా నువ్వు?"

కొంగుతో వాడి మొహం తుడిచి, ఆవిడ నీళ్ళగది వైపు నడిచింది. కొడుకు వెనకాలే వెళ్ళాడు గానీ పట్టుకోలేదు.